సబ్బు ముక్క మీద ఎవరి పేరు?

(నంద్యాలలోనూ ఆళ్ళగడ్డలోనూ దళితవాడల ఆడవాళ్ళు కూడిన చోట చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)



ఈ పొద్దు సబ్బు గురించి మాట్లాడమన్నారు. సబ్బుకు సభేంది అని కొందరికి అనిపించొచ్చు. మన సభల్లో భూమి గురించి మాట్లాడతాం. కూలి రేట్ల గురించి, రిజర్వేషన్ల గురించి మాట్లాడతాం. అంగట్లో దొరికే సబ్బు ముక్క గురించి మాట్లాడేదేముంది?

ఉంది. ఈ దేశంలో మనిషిని మనిషి తాకకుండా దూరం పెట్టడానికి చెప్పిన సాకుల్లో పెద్ద సాకు శుభ్రం. "వాళ్ళు మురికి మనుషులు, అందుకే దూరం పెట్టినాం" అంటారు. సరే, మురికి ఎవరి వల్ల వచ్చింది? ఊరి చచ్చిన గొడ్డును మోసిందెవరు? ఊరి మురికిని ఎత్తిందెవరు? ఆ పని చేసి వచ్చిన మనిషికి కడుక్కోను బావి దగ్గరికి రానిచ్చినారా? నీళ్ళు ఇయ్యకుండా ఆపిందీ వాళ్ళే, మురికి అని పేరు పెట్టిందీ వాళ్ళే.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువులో దిగి దోసెడు నీళ్ళు తాగినాడు. వెంట వేలమంది తాగినారు. ఆ తర్వాత అగ్రకులాల వాళ్ళు ఆ చెరువును ఏంతో శుద్ధి చేసినారో తెల్సా? ఆవు పేడ, ఆవు ఉచ్చ, పాలు, పెరుగు కలిపి 108 కుండలు చెరువులో పోయించి, మంత్రాలు చదివినారు. మనిషి చెయ్యి పడితే మైల, పేడ పడితే శుద్ధి. వాళ్ళు చెప్పే శుభ్రానికీ సబ్బుకూ సంబంధం లేదని అప్పుడే తేలిపోయింది. అది కులం లెక్క, ఒంటి మురికి లెక్క కాదు.

పాత ముచ్చట అనుకోవద్దు. 2017 మే నెలలో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో, ముసహర్ల వాడకు ముఖ్యమంత్రి వస్తున్నాడని ముందుగానే అధికారులు ఇంటింటికీ సబ్బులు, షాంపూలు పంచినారు. శుభ్రంగా తానం చేసి రమ్మన్నారని ఆ వాడ జనమే పత్రికల వాళ్ళకు చెప్పినారు. దానికి గుజరాత్ దళితులు ఏం జవాబిచ్చినారు? 125 కిలోల సబ్బు ఒకటి తయారు చేసినారు. దాని మీద బుద్ధుని రూపం చెక్కినారు. "మా ఒళ్ళు కాదు, మీ మనసు కడుక్కోండి" అని ఇచ్చి రావడానికి జూలైలో లక్నోకు రైలెక్కినారు. ఝాన్సీ స్టేషన్లో పోలీసులు దింపేసి, వెనక్కి పంపినారు. సబ్బు కూడా వాళ్ళను భయపెట్టింది చూడండి!

అందుకని సబ్బుకు సభ కావాల. మనకు సబ్బు పంచి అవమానం చేసే వాళ్ళున్న కాలంలో, సబ్బు చెయ్యడం మన చేతికి రావాల. అయితే ఒక మాట ముందే చెప్తున్నా. సబ్బు చేస్తే కులం పోదు. సబ్బు చేస్తే నాలుగు రూపాయలొస్తాయి, ఒక విద్య వస్తుంది, ఒక ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న ఏందో చివర్లో చెప్తా.

ఈ విద్య ఎవరిది?

సబ్బంటే ఏంది? నూనెనో కొవ్వునో క్షారంతో కలిపితే అయ్యేది సబ్బు. ఇంతే శాస్త్రం. ఇప్పుడు ఆలోచించండి, మన ఊళ్ళలో క్షారం ఎవరికి తెల్సు? చౌడు మన్ను తెచ్చి, నీళ్ళలో కలిపి, బట్టలు నానబెట్టి ఉడకేసిన చాకలి వాళ్ళకు తెల్సు. గిన్నెలు తోమను పొయ్యి బూడిద పట్టుకున్న ఆడదానికి తెల్సు. తోలు మీద వెంట్రుక ఊడాలంటే సున్నం నీళ్ళలో ఎన్ని దినాలు పెట్టాలో లంద దగ్గర కూర్చున్న మాదిగాయనకు తెల్సు. కొవ్వు ఎవరికి తెల్సు? గొడ్డును కోసిన వాళ్ళకే తెల్సు. క్షారమూ కొవ్వూ రెండూ మన చేతుల్లో, మన పక్కనున్న బీసీ కులాల చేతుల్లో ఉండేవి. ఆ పని విద్య కాదు, నీచం అన్నారు. అదే పని సీమ నుంచి కాగితం చుట్టుకొని వస్తే సువాసన అన్నారు.

అగ్రకులాల వాళ్ళు మొదట్లో సబ్బును కూడా అనుమానంగానే చూసినారు. సీమ సబ్బుల్లో పశువుల కొవ్వు ఉండేది. మడి కట్టుకునే ఒంటికి గొడ్డు కొవ్వు తగులుతుందని భయం. అందుకే 1919 ప్రాంతంలో గోద్రెజ్ కంపెనీ కొవ్వు లేకుండా, చెట్ల నూనెలతోనే సబ్బు చేసి, ఆ మాట చెప్పే అమ్ముకుంది. ఆఖరికి 1983లో గొడ్డు కొవ్వు దిగుమతి మీద దేశమంతా గోలయి, సర్కారు ఆ దిగుమతిని నిలిపేసింది. అంటే సబ్బు ముక్కలో కూడా కులం లెక్కలు చూసుకున్న దేశం మనది.

ఇంక మన లెక్క చూద్దాం. 2000-2001 ప్రాంతంలో నల్గొండ జిల్లాలో హిందుస్తాన్ లీవర్ కంపెనీ 'శక్తి' అనే పథకం మొదలుపెట్టింది. పొదుపు సంఘాల ఆడవాళ్ళ చేత పల్లెల్లో కంపెనీ సబ్బులు, షాంపూలు అమ్మించింది. తర్వాత దేశమంతా పాకింది. కొందరు అక్కలకు ఆదాయం వచ్చింది, కాదనను. కానీ చూడండి, సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రూపాయి రూపాయి కూడబెట్టి సంఘం కట్టుకున్నది మనం. ఆ సంఘం కంపెనీకి అంగడి అయింది. చెయ్యగలిగిన చేతిని అమ్మే చెయ్యిగా మార్చినారు.

కాగితం చదవడం నేర్చుకోండి

కొనే సబ్బయినా సరే, కాగితం తిప్పి చూడండి. 'టాయిలెట్ సోప్' అని ఉందా, 'బాతింగ్ బార్' అని ఉందా చూడండి. రెండూ ఒకటి కాదు. టీఎఫ్ఎం అని మూడక్షరాలు ఉంటాయి. సబ్బులో అసలు కొవ్వు పదార్థం నూటికి ఎంత ఉందో చెప్పేది అది. 76 ఉంటే మొదటి రకం, 70 ఉంటే రెండో రకం, 60 ఉంటే మూడో రకం. బాతింగ్ బార్‌కు అంత కూడా అక్కర్లేదు. మనవాడల్లో చిన్న అంగళ్ళకు ఏ రకం వస్తుందో, నంద్యాల పెద్ద అంగళ్ళలో ఏ రకం ఉంటుందో మీరే చూడండి. సంక్షేమ హాస్టల్లో మన పిల్లలకు ఇచ్చేది ఏ రకమో కూడా అడగండి. అడిగే హక్కు మనకుంది.

ఒళ్ళు రుద్దే సబ్బు అని పెద్ద ధరకు అమ్ముతారు. లోపల గరుకు గరుకు గింజలుంటాయి. ముందు ఈ గింజలు కొన్నిట్లో ప్లాస్టిక్‌వి ఉండేవి. ఆ ప్లాస్టిక్ కాలువల్లో కలిసి, చేపల కడుపుల్లోకి పోతుందని అమెరికా 2015లో చట్టం చేసి ఆపింది. మనకు ఆ గింజలెందుకు? పందిట్లో బీరకాయ ముదిరి ఎండిపోతే ఏం చేస్తాం? తోలు తీసి, గింజలు దులిపి, పీచుతో ఒళ్ళు రుద్దుకుంటాం. పెసరపిండితో నలుగు పెడతాం. అదే పీచును, అదే పిండిని సబ్బులో పెడితే అయిపోయె.

ఎట్ల చెయ్యాల

జాగ్రత్తగా వినండి. చదువొచ్చిన ఆడపిల్లలు రాసుకోండి.

కావలసినవి: పామాయిల్ 600 గ్రాములు, కొబ్బరి నూనె 300 గ్రాములు, ఆముదం 100 గ్రాములు. కాస్టిక్ సోడా 140 గ్రాములు. నీళ్ళు 330 గ్రాములు. అన్నీ తూకమే. గ్లాసు లెక్క, చెంచా లెక్క పనికిరాదు. గ్రాములు చూపించే చిన్న కాటా సంఘం డబ్బుతో ఒకటి కొనుక్కోండి. కాస్టిక్ సోడా రసాయనాల అంగట్లో పెంకుల మాదిరి ఉండేది తీసుకోవాల. జాలాట్లో పైపులు కడగను అమ్మే పొడి వద్దు, దాంట్లో వేరే కలిపి ఉంటాయి.

ఈ 140 ఎట్ల వచ్చింది? ఒక్కో నూనె ఒక్కోలెక్క సోడా తాగుతుంది. కిలో కొబ్బరి నూనె 183 గ్రాములు, కిలో పామాయిల్ 141, కిలో శెనక్కాయ నూనె 136, కిలో ఆముదం 128 గ్రాములు తాగుతాయి. మన లెక్కకు కొబ్బరికి 55, పామాయిల్‌కు 85, ఆముదానికి 13. మొత్తం 153. దాంట్లో నూటికి 8 తగ్గించినాం. ఎందుకు? సోడా అంతా నూనె తాగేయాల, కొంచెం నూనె మిగలాల. సోడా మిగిలితే ఒళ్ళు కాలుతుంది. నూనె మిగిలితే ఒళ్ళు మెత్తగుంటుంది. మీరు నూనెలు మార్చుకోవచ్చు, కానీ ఈ లెక్క వేసుకోకుండా మార్చొద్దు. కొబ్బరి నురగనిస్తుంది, పామాయిల్ గట్టితనమిస్తుంది, ఆముదం నురగను నిలబెడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. కాస్టిక్ సోడా ఆట వస్తువు కాదు. చర్మాన్ని తినేస్తుంది, కంట్లో పడితే చూపు పోతుంది. చిన్నపిల్లలు వాకిట్లో ఉంటే ఆ పొద్దు పని పెట్టుకోవద్దు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాల. ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడాల. నీళ్ళలో సోడా కొంచెం కొంచెంగా వెయ్యాల. సోడాలో నీళ్ళు పొయ్యరాదు, పోస్తే ఉడికి మొగానికి చిమ్ముతుంది. సత్తు గిన్నె, అదే అల్యూమినియం గిన్నె అస్సలు వాడొద్దు, సోడా దాన్ని తినేస్తుంది. స్టీలు గిన్నె వాడండి. ఆ గిన్నె మళ్ళీ కూరకు తీయొద్దు. ఒంటి మీద పడితే పావుగంట ఇరవై నిమిషాలు నీళ్ళు పోస్తూనే ఉండాల. నిమ్మరసం, చింతపండు రసం పూయొద్దు. కంట్లో పడితే నీళ్ళు పోస్తూనే ఆస్పత్రికి తీసుకుపోవాల. ఎవరన్నా మింగితే కక్కించొద్దు, వెంటనే ఆస్పత్రికి పోవాల. మిగిలిన సోడా డబ్బాకు మూత బిగించి, ఉప్పు అనుకోకుండా పెద్ద అక్షరాలతో చీటీ అంటించి, అటక మీద పెట్టండి.

సోడా నీళ్ళు మరిగినట్ల వేడెక్కుతాయి. పక్కన పెడితే ఆరుతాయి. గిన్నె బయట తాకితే గోరువెచ్చగా ఉండాల. నూనెలు కూడా కలిపి, అంతే వేడికి రానీయండి. నూనెలో సోడా నీళ్ళు సన్నని ధారగా పోస్తూ కట్టె గరిటెతో కలపండి. చేత్తో కలిపితే గంట కూడా పట్టొచ్చు. మజ్జిగ కవ్వం లాంటి కరెంటు మిషను ఉంటే నిమిషాల్లో అయిపోతుంది. రాగి జావ మాదిరి చిక్కబడి, గరిటెతో పైన గీత గీస్తే గీత నిలబడాల. అప్పుడు ఆపండి.

ఒళ్ళు రుద్దేది ఇప్పుడే కలపాల. రెండు దారులున్నాయి. ఒకటి, ఎండిన బీర పీచును కడిగి, బాగా ఎండబెట్టి, అంగుళం మందం బిళ్ళలుగా కోసి, అచ్చులో పరిచి, పైన ముద్ద పొయ్యడం. రెండోది, ఎండబెట్టిన వేపాకు పొడి కానీ, కమలాతొక్కల పొడి కానీ, పెసరపిండి కానీ కిలో నూనెకు రెండు పెద్ద చెంచాలు కలపడం. పచ్చి ఆకు, పచ్చి కాయ ముక్కలు వెయ్యొద్దు, కుళ్ళుతాయి. ఇసుక వెయ్యొద్దు, చర్మం చీరుకుంటుంది. పసుపు వేస్తే ఎర్రబడుతుంది, భయపడొద్దు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎట్ల ఎర్రబడుతుందో ఇదీ అట్లనే.

చెక్క పెట్టెలో ప్లాస్టిక్ కాగితం పరిచి పొయ్యండి. పైన పాత దుప్పటి కప్పండి. ఒకటి రెండు దినాలకు గట్టిపడుతుంది. తొడుగులు వేసుకొనే కొయ్యండి. కోసిన ముక్కల్ని నీడలో, గాలి తగిలే చోట నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాల. తొందరపడి వాడొద్దు. పైన నీళ్ళు ఊరినా, లోపల తెల్లగా పెళుసు గడ్డలు కనపడినా ఆ దఫా సబ్బు ఒంటికి పనికిరాదు. ఈ లెక్కకు 1470 గ్రాముల ముద్ద అవుతుంది. ఆరినాక 1300 గ్రాముల దాకా మిగులుతుంది. 100 గ్రాముల సబ్బులు 13 వస్తాయి.

ఎవరికి, ఎంత

గరుకు సబ్బు దినాం వాడేది కాదు. వారానికి ఒకటి రెండు సార్లు చాలు. మొగానికి వద్దు, పసిపిల్లలకు వద్దు, పుండ్ల మీద, గజ్జి మీద వద్దు. మడమలకు, మోకాళ్ళకు, మోచేతులకు, అరచేతులకు బాగుంటుంది. పత్తి తీసి గీసుకుపోయిన చేతుల మీద గరుకుది రుద్దితే మంటెత్తుతుంది, మానినాక వాడండి.

ఆళ్ళగడ్డలో శిల్పాలు చెక్కే చోట, బేతంచెర్ల బండల మిషన్ల దగ్గర పనిచేసే మనవాళ్ళు సాయంత్రానికి తెల్లగా బూజు పట్టినట్లుంటారు. ఒంటి మీది దుమ్మును ఈ సబ్బు వదిలిస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పోయిన రాతి దుమ్మును ఏ సబ్బూ వదిలించదు. దానికి మూతికి మాస్కు కావాల, కోసేటప్పుడు రాతి మీద నీళ్ళు పడాల. అది యజమాని ఖర్చు. సబ్బు చేసుకున్నాం గదా అని ఆ అడిగేది మరిచిపోవద్దు.

మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికుల మాట కూడా అంతే. సబ్బు, కొబ్బరి నూనె, చెప్పులు, తొడుగులు ఇయ్యాలని వాళ్ళు ఎన్ని ఊళ్ళలో, ఎన్నిసార్లు సమ్మెలు చేసినారు! మురికి కాలువలో, సెప్టిక్ ట్యాంకులో మనిషిని దింపొద్దని 2013లో చట్టమే వచ్చింది. మన సబ్బు వాళ్ళ హక్కుకు బదులు కాదు. "మీ ఆడవాళ్ళే సబ్బులు చేస్తారంట గదా, మేమెందుకియ్యాల" అని ఏ కాంట్రాక్టరన్నా అంటే, ఆ సబ్బులు ఆయనకే అమ్మండి, బిల్లు రాయించుకోండి.

ఆ ప్రశ్న

ఇంట్లోకి చేసుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మాలంటే 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కింద లైసెన్సు కావాల. రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ దగ్గర దరఖాస్తు పెట్టుకోవాల. లెక్క కూడా నిజాయితీగా వేసుకోవాల. సబ్బు ఖర్చులో పెద్ద భాగం నూనె ధరే. 2025లో కొబ్బరి నూనె ధర ఎట్ల మండిపోయిందో మీకు తెల్సు. టన్నుల లెక్కన నూనె కొనే కంపెనీతో చౌకలో పోటీ పడలేం. మనం పోటీ పడగలిగేది మంచి సరుకులో. నూనె, సోడా, పీచు, చీటీ, అన్నీ లెక్కేసి, మీ కూలి కూడా వెయ్యండి. ఆడదాని కూలి వెయ్యని లెక్క తప్పుడు లెక్క.

ఇప్పుడు చీటీ దగ్గరికొద్దాం. అసలు ప్రశ్న ఇక్కడుంది. ఇంతకుముందు ఒక అక్క అడిగింది. "అన్నా, మాదిగవాడ సబ్బంటే ఎవరు కొంటారు? వేరే పేరేదన్నా పెడదాం" అని. ఆ అక్క మాట తేలిగ్గా తీసేయలేం. బడిలో దళిత మనిషి వండిందని మధ్యాహ్న భోజనం తినని పిల్లలున్న దేశం ఇది. ఆ పిల్లలకు ఆ బుద్ధి ఇంట్లోనే వచ్చింది. అన్నం తినని వాళ్ళు మన చేతి సబ్బును ఒంటికి రుద్దుకుంటారా?

సరుకుకు మల్లె అని పెట్టండి, వేప అని పెట్టండి, అది మీ ఇష్టం. కానీ చట్టం ప్రకారం తయారు చేసిన వాళ్ళ పేరు, చిరునామా చీటీ మీద ఉండి తీరాల. మన చిరునామాలు ఏం చెప్తాయి? అంబేద్కర్ నగర్ అని ఉన్నా, హరిజనవాడ అని ఉన్నా చదివినోళ్ళకు తెలిసిపోతుంది. దాచాలన్నా దాగదు. దాచాలంటే వేరే కులమోడి పేరు మీద లైసెన్సు తీయాల. అప్పుడు పని మనది, పేరు ఆయనది, లాభమూ ఆయనదే. భూమి విషయంలో జరిగింది అదే గదా?

పేరు దాచకుండా అంగట్లోకి వచ్చిన మనవాళ్ళు ఉన్నారు. 2016లో చంద్రభాన్ ప్రసాద్ 'దళిత్ ఫుడ్స్' అని పేరు పెట్టే పచ్చళ్ళు, పసుపు అమ్మకానికి పెట్టినాడు. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ 'చమార్ స్టూడియో' అని పేరు పెట్టి సంచులు చేయించినాడు. తిట్టుగా వాడిన మాటనే బోర్డు మీద రాసుకున్నారు. అందరూ అట్లనే చెయ్యాలని నేననను. ఆకలి మీద ఉన్న మనిషికి ఆదర్శం చెప్పి వెళ్ళిపోవడం మాకు తగదు. కొందరు చీటీ చదివి కింద పెట్టేస్తారు. అట్ల ఎన్ని వెనక్కొచ్చినాయో, ఎవరు పెట్టేసినారో సంఘం పుస్తకంలో రాసుకోండి. అది కూడా లెక్కే. శుభ్రం అన్న వాళ్ళ మాట నిజమా, కులం అన్న మన మాట నిజమా అని ఆ పుస్తకమే చెప్తుంది.

ఇంక పని సంగతి. పదిమంది ఒక జట్టు కట్టండి. ఒకరు కాటా చూడాల, ఒకరు సోడా చూడాల, ఒకరు పుస్తకం రాయాల. ప్రతి దఫాకూ తేదీ, నూనెల తూకం, సోడా తూకం రాసి పెట్టండి. మొదటి దఫా 13 సబ్బులు అమ్మొద్దు. ఆరు వారాలు ఆరినాక మనమే వాడి చూద్దాం. బాగుంటే రెండో దఫా చేద్దాం, అప్పుడు లైసెన్సు కాగితాలు రాసుకుందాం. కాగితాలు రాసే రోజు చిరునామా గడి దగ్గర పెన్ను ఆగితే, ఈ సభను గుర్తు తెచ్చుకోండి. వాడ పేరు పూర్తిగా రాయండి.

జై భీమ్!